విశాఖలో కొని బరంపురంలో వాడేవాళ్ల కోసం: వినియోగదారుల ఫిర్యాదులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా వైపున్న మన సరిహద్దు ఇళ్లలో సగం సామాను ఆంధ్ర వైపు నుంచే వస్తుంది. పట్టుచీర బరంపురంలోనే కొంటాం గానీ ఫ్రిజ్జూ సోఫాసెట్టూ విశాఖలో చూస్తాం. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం, శ్రీకాకుళం బజార్లు. రాయగడ వాళ్లకు పార్వతీపురం, విజయనగరం. వస్తువు బాగున్నన్నాళ్లూ మధ్యలో రాష్ట్రం మారిందన్న సంగతే గుర్తుండదు. అది పాడైన రోజున మాత్రం షాపువాడికి ఠక్కున గుర్తొస్తుంది: "మీది ఒడిశా కదండీ!"

నేను లాయర్ని కాను. ఒకసారి మా ఫ్రిజ్జు కోసం సొంతంగా రాసుకున్న ఫిర్యాదు ఫలించింది. అప్పటి నుంచి వీధిలోవాళ్లు, చుట్టాలు, చుట్టాల చుట్టాలు కాగితాలు పట్టుకుని వస్తున్నారు. వాళ్లు అడిగేవి, నేను చెప్పేవి ఇక్కడ పెడుతున్నాను.

సరుకు కొన్నది విశాఖలో, ఉండేది బరంపురంలో. కేసు ఎక్కడ వేయాలి?

బరంపురంలోనే వేయొచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక ఊరుకున్నవాళ్లే ఎక్కువ.

1986 నాటి పాత వినియోగదారుల రక్షణ చట్టంలో అమ్మినవాడు ఉన్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో మనమే వెళ్లాలి. అంటే ఎనిమిది వేల మిక్సీ కోసం వాయిదా వాయిదాకీ రైల్లో నాలుగైదు గంటలు ప్రయాణం. ఎవరు వెళ్తారు? షాపులవాళ్లకు అదే ధీమా. 2019 చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోట గానీ, స్వయంగా పనిచేసుకుని బతికే చోట గానీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో (జనం వినియోగదారుల కోర్టు అనేది ఇదే) కేసు వేసుకోవచ్చు. ఇది అటు నుంచి ఇటూ పనిచేస్తుంది. బరంపురంలో కొన్న టీవీ మీద ఇచ్ఛాపురం మనిషి శ్రీకాకుళం జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు.

ఒక చిక్కుంది. మనలో చాలామంది ఆధార్ మీద ఇంకా తాతగారి ఊరి చిరునామాయే ఉంటుంది. నివాసం ఇక్కడే అని చూపడానికి కరెంటు బిల్లో, అద్దె ఒప్పందమో, ఉద్యోగం చేసే చోటు నుంచి ఉత్తరమో జత చేయండి. లేకపోతే ఎదుటి పార్టీ మొదటి అభ్యంతరం అక్కడే పెడుతుంది.

కేసు షాపు మీదా, కంపెనీ మీదా?

అమ్మిన షాపు, తయారుచేసిన కంపెనీ, రిపేరు చేయని సర్వీసు సెంటరు, ముగ్గురి పేర్లూ పెట్టండి.

మా ఫ్రిజ్జు విశాఖలో కొన్నాం. ఏడో నెలలో కంప్రెసర్ పోయింది. షాపుకి ఫోన్ చేస్తే "కంపెనీని అడగండి" అన్నారు. కంపెనీవాళ్లు "మీ పిన్‌కోడు ఒడిశా సెంటరు కిందికి వస్తుంది" అన్నారు. ఆ సెంటరు కుర్రాడు వచ్చి, వెనకాల స్టిక్కరు మీద సీరియల్ నంబరు చూసి, "ఇది ఆంధ్ర స్టాకు, సామాను అక్కడి నుంచే రావాలి" అని టార్చిలైటు ఆపేసి వెళ్లిపోయాడు. నలభై రోజులు ఇదే బంతాట. ఒక్కరి మీదే వేసి ఉంటే ఆ ఒక్కరూ మిగతా ఇద్దరి వైపు చూపించేవారు. ముగ్గురికీ కమిషన్ నోటీసు అందాక, మొదటి వాయిదాకు ముందే కొత్త ఫ్రిజ్జు ఇస్తామని కబురొచ్చింది. పాలూ పెరుగూ పక్కింట్లో దాచుకున్న ఆ నలభై రోజులకు, తిరుగుళ్లకు ఏమైనా ఇమ్మని రాజీలో అడగడం నేనే మరిచిపోయాను. మీరు మరవకండి.

బిల్లు లేదు. ఉంది గానీ అక్షరాలు చెరిగిపోయాయి. ఎలా?

మా పిన్ని మిక్సీ బిల్లును బీరువాలో పట్టుచీర మడతలో భద్రంగా దాచింది. రెండో ఏడు తీస్తే నాఫ్తలిన్ వాసన వేస్తున్న తెల్లకాగితం. ఇప్పటి షాపుల మెషీన్లు వేడితో అచ్చువేసే కాగితం వాడతాయి, ఎండకీ వేడికీ అది వెలిసిపోతుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టినా పోతుంది. కొన్న రోజునే ఫొటో తీసి, మీ మెయిల్‌కి మీరే పంపుకోండి. వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించండి.

బిల్లు అసలు లేకపోయినా కథ అయిపోలేదు. యూపీఐ చెల్లింపు రికార్డు, షాపువాడితో వాట్సాప్ మాటలు, డెలివరీ చీటీ, డబ్బా మీద సీరియల్ నంబరు, ఇవన్నీ కలిపితే కొనుగోలు రుజువవుతుంది. నగదు ఇచ్చి, కాగితం ఏదీ తీసుకోకుండా వచ్చేసిన చోట మాత్రం చాలా కష్టం.

"బిల్లు వేస్తే జీఎస్టీ పడుతుంది, వద్దా?" అని అడిగే షాపుల గురించి ఒక మాట. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. బిల్లు ఇవ్వకపోవడమే 2019 చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఆ రెండు మూడు వందల తగ్గింపుకి మనం వదులుకునేది వారంటీని.

బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేశారు. చెల్లుతుందా?

లోపమున్న సరుకు విషయంలో ఆ అచ్చు వెనక షాపు దాక్కోలేదు. బిల్లులో రాసిన గడువులోపు, గడువు ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు, లోపమున్న వస్తువును వాపసు తీసుకోవడానికి నిరాకరిస్తే అదీ అనుచిత వ్యాపార పద్ధతే. రంగు నచ్చలేదు, అత్తగారికి నచ్చలేదు అంటే మాత్రం అది షాపువాడి మంచితనం మీద ఆధారపడిన విషయం.

ఫీజు ఎంత? లాయరు తప్పనిసరా?

వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. లెక్కలోకి వచ్చేది మీరు చెల్లించిన ధర, అడిగే నష్టపరిహారం కాదు. 50 లక్షల వరకు జిల్లా కమిషనే చూస్తుంది. లాయరు తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి.

బిల్లు తెలుగులో ఉంది. నాకు ఒడియా చదవడం వచ్చు, రాయడం రాదు. ఫిర్యాదు ఏ భాషలో?

ఇంగ్లీషులో పెట్టడం సులువు. తెలుగు బిల్లుకీ, తెలుగు వాట్సాప్ మాటలకీ పక్కనే అనువాదం జత చేయండి. విశాఖ కంపెనీ తరఫు లాయరుకు ఒడియా రాకపోవచ్చు, ఇక్కడి కమిషన్ సభ్యులకు తెలుగు రాకపోవచ్చు. ఇద్దరికీ అర్థమయ్యే కాగితం ఉంటే ఒకటి రెండు వాయిదాలు మిగులుతాయి.

భాష కంటే పెద్ద తప్పు మన రాతలో ఉంటుంది. నా దగ్గరికి వచ్చే చిత్తుప్రతుల్లో మొదటి పేజీ అంతా "తీరని మానసిక క్షోభ", "గౌరవనీయులైన తమరు దయతో". వస్తువు ఏమిటో రెండో పేజీలో గానీ తెలియదు. ముందు తెలుగులో ఇలా రాసుకోండి:

"2024 మార్చి 3న ఫలానా షాపులో 18,500 రూపాయలకు వాషింగ్ మెషీన్ కొన్నాను. ఏప్రిల్ 20 నుంచి డ్రమ్ము తిరగడం లేదు. మూడుసార్లు కంప్లైంట్ పెట్టాను, ఆ నంబర్లు కింద ఉన్నాయి. రెండుసార్లు మనిషి వచ్చి చూసి వెళ్లాడు, బాగుచేయలేదు. కొత్తది ఇవ్వాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి. తిరుగుళ్లకు, ఖర్చులకు 5,000 ఇప్పించాలి."

అంతే. దీన్ని ఇంగ్లీషులో పెట్టడం ఇంట్లో ఇంటర్ చదివే పిల్లకైనా వస్తుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు, 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పోట్లాట గ్రాంథికంతో. మనకిప్పుడు అర్జీల భాషతో పడింది.

1915కి ఫోన్ చేస్తే చాలదా?

చాలాసార్లు చాలుతుంది, ముందు అదే చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. పెద్ద కంపెనీలు, ఆన్‌లైన్ షాపింగ్ వాళ్లు దీనికి బాగానే కదులుతారు. వీధి చివరి షాపు కదలకపోవచ్చు. 1915కి తీర్పు చెప్పే అధికారం లేదు, అక్కడ ఫిర్యాదు పెట్టినంత మాత్రాన రెండేళ్ల గడువూ ఆగదు. డాకెట్ నంబరు (మీ ఫిర్యాదుకు వాళ్లిచ్చే నంబరు) రాసి ఉంచుకోండి, తర్వాత కేసులో పనికొస్తుంది.

ఆన్‌లైన్ కొనుగోళ్ల సంగతి: 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వాళ్ల ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. మీరు అడగని బీమానో, విరాళమో బుట్టలో చేర్చేయడం, చివరి పేజీ దాకా అసలు ధర దాచడం లాంటి 13 మాయ పద్ధతులను 2023 నవంబరులో కేంద్రం నిషేధించింది. అలాంటిది కనబడితే ఆ స్క్రీను ఫొటో తీసి పెట్టుకోవాలి, రేపటికి అది మారిపోతుంది.

పత్తి విత్తనాలు మొలవలేదు. రైతు వినియోగదారుడేనా?

అవును. రాయగడ, గుణుపురం వైపు నుంచి నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే.

2012లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జాతీయ విత్తన సంస్థ మీద గెలిచినవాళ్లు ఎవరో కాదు, ఆంధ్రప్రదేశ్ రైతులే. సంస్థ ఏం వాదించిందంటే, విత్తనాల చట్టం వేరే ఉంది కాబట్టి వినియోగదారుల కోర్టుకు రాకూడదనీ, ల్యాబు పరీక్ష చేయించకుండా లోపం ఎలా చెబుతారనీ. కోర్టు రెండూ ఒప్పుకోలేదు. రైతు కొన్న విత్తనమంతా చల్లేస్తాడు, రేపు కేసు వేయాల్సి వస్తుందని గుప్పెడు దాచిపెట్టుకోడు, ఆ కారణంగా అతని ఫిర్యాదు కొట్టేయడానికి వీల్లేదు అంది. అప్పుడు రైతుల చేతిలో ఉన్న బలం పొలానికి వచ్చి చూసిన అధికారుల నివేదికలు.

కాబట్టి మొలక రాకపోతే దున్నేసి మళ్లీ వేయడానికి తొందరపడకండి. అర్జీ ఇచ్చి బ్లాకు వ్యవసాయ అధికారిని పొలానికి రప్పించండి, ఆయన రాసిన దాని నకలు తీసుకోండి. ఖాళీ ప్యాకెట్టును పారేయొద్దు. లాట్ నంబరు, పరీక్ష తేదీ, గడువు, మొలక శాతం దాని మీదే ఉంటాయి. పక్క రైతు కూడా అదే లాటు వేసి నష్టపోయి ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లండి.

బీజీ-3 అని చెప్పి, కలుపుమందు కొట్టినా చావదని అమ్మే పత్తి గింజలకు మన దేశంలో అనుమతి లేదు. అవి రాత్రిపూట బైకు మీద వస్తాయి, బిల్లు రాదు, ప్యాకెట్టు మీద చిరునామా నిజమైనది కాదు. నష్టపోతే ఎవరి మీద వేస్తారు? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక ఒక రైతును వెనక్కి పంపాల్సి వచ్చింది. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

యూరియా కావాలంటే జింకు డబ్బా కూడా కొనమంటున్నాడు. చట్టం ఒప్పుకుంటుందా?

లేదు. ఒకటి అమ్మడానికి ఇంకొకటి కొనాలని షరతు పెట్టడం 2019 చట్టంలో నిర్బంధ వ్యాపార పద్ధతి. యూరియా బస్తా 45 కిలోలు, ధర బస్తా మీదే ఉంటుంది. కానీ సీజన్లో, వాన పడ్డ మర్నాడు, క్యూలో నలభై మంది ఉండగా ఎవరూ చట్టం మాట్లాడరని డీలరుకూ తెలుసు. అప్పుడు వాదించకుండా డబ్బా తీసుకుని, రెండిటికీ విడివిడిగా బిల్లు వేయించి, అదే రోజు వ్యవసాయ శాఖకు, కలెక్టరుకు రాయడం మేలు. ఊళ్లో పది మంది ఒకే తేదీ బిల్లులతో రాస్తే అది ఒక మనిషి గొడవ అనిపించుకోదు.

సంతలో తూకం మీద అనుమానం. ఏం చూడాలి?

రాళ్లతో తూచే తక్కెడైతే రాయి తిరగేసి చూడండి. అడుగున సీసం బిళ్ల, దాని మీద తూనికల శాఖ ముద్ర ఉండాలి. రాళ్లకు 24 నెలలకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకు 12 నెలలకోసారి ముద్ర వేయించాలి. ఎలక్ట్రానిక్ కాటాలో ముందు సున్నా చూపమనండి, ఖాళీ బుట్ట బరువు తీసేశాడో లేదో కనిపెట్టండి. మీ దగ్గరున్న అరకిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టి చూడటం అన్నిటికన్నా సులువు. మా అమ్మ ఇదే చేసేది, అమ్మేవాళ్లు నవ్వేవారు గానీ తూకం మాత్రం సరిచేసేవారు.

జీడిపప్పు, చింతపండు, ఇప్పపువ్వు అమ్మడానికి సంతకు తెచ్చే కొండ ప్రాంతాల మనిషికి ఈ మోసం రెట్టింపు. ఆ మనిషి అమ్మేటప్పుడూ అదే కాటా, ఉప్పూ నూనే కొనేటప్పుడూ అదే కాటా. ఇన్‌స్పెక్టరు సంత లేని రోజున పట్నంలో షాపులు తనిఖీ చేసి వెళ్లిపోతే ఏం లాభం?

ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకున్నారు. లేబుల్ తెలుగులో లేదు. ఫిర్యాదు చేయొచ్చా?

మొదటిదానికి చేయొచ్చు, తూనికల శాఖకు. బస్టాండులో "కూలింగ్ చార్జీ" అన్నా సరే, ప్యాకెట్టు మీద ఉన్న ధరకు మించకూడదు. రెండోదానికి కుదరదు. తప్పనిసరి వివరాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉంటే చట్టానికి చాలు. తెలుగు, ఒడియా, సవర మాట్లాడే ఊళ్లకు అమ్మే ప్యాకెట్ల మీద ఆ ఊళ్లవాళ్లు చదవగలిగే భాషలో వివరాలు ఉండేలా చూడటం చిన్న విషయమేమీ కాదు. నా దృష్టిలో ముందు మార్చాల్సిన నియమం ఇదే.

గ్రూపు లోను వాళ్లు రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి కూర్చుంటున్నారు.

రాకూడదు. రిజర్వు బ్యాంకు 2022 నియమాల ప్రకారం మైక్రోఫైనాన్స్ వసూలు మనుషులు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు, ఫోన్ చేయకూడదు. లోను కార్డు మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మీది తెలుగైతే తెలుగులో అడిగే హక్కు ఉంది. ముందు ఆ సంస్థకు రాసివ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులు, లోను సంస్థల మీద ఫిర్యాదులు వినే అధికారికి) వెళ్లండి, ఫీజు లేదు.

ఆసుపత్రి మీద? కరెంటు బిల్లు మీద?

డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆసుపత్రి మీద వేయొచ్చు, 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ ఉచితంగా చేసే ప్రభుత్వ ఆసుపత్రి దీని కిందికి రాదు. కేస్ షీటు నకలు డిశ్చార్జి రోజునే అడగండి. కరెంటు బిల్లు తప్పైతే ముందు పంపిణీ సంస్థకున్న ఫిర్యాదుల పరిష్కార ఫోరానికి వెళ్లండి, కమిషన్ కంటే అక్కడ త్వరగా తేలుతుంది.

కేసు ఎన్నాళ్లు పడుతుంది?

చట్టంలో రాసింది మూడు నెలలు, ల్యాబు పరీక్ష అవసరమైతే ఐదు. జరిగేది అంతకంటే ఎక్కువ. ఎదుటి పార్టీ జవాబు ఇవ్వడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అది దాటితే ఒక్కరోజు కూడా ఇవ్వడానికి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 46వ రోజున జవాబుతో వస్తే, మీరు లేచి ఈ మాట గుర్తుచేయాలి. ఆలస్యానికి ఇంకో కారణం ఖాళీ కుర్చీలు. కమిషన్లలో అధ్యక్షులను, సభ్యులను వేయడం లేదని సుప్రీంకోర్టు 2021లో తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది.

గెలిచాను. ఆర్నెల్లయింది, డబ్బు ఇవ్వలేదు.

గెలిచిన ఆర్డరు ఫ్రేము కట్టించుకోవడానికి కాదు. అప్పీలు గడువు 45 రోజులు. అప్పీలుకు వెళ్లాలంటే ఎదుటి పార్టీ ఆర్డరులోని సొమ్ములో సగం ముందు కట్టాలి. ఆ గడువు దాటీ డబ్బు రాకపోతే అదే కమిషన్‌లో అమలు దరఖాస్తు పెట్టండి. 71వ సెక్షన్ కింద సివిల్ కోర్టు డిక్రీలాగే ఆస్తి జప్తు దాకా వెళ్లొచ్చు. 72 కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఈ రెండో కాగితం వేయకుండా ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు ఆగిపోతారని కంపెనీలకూ తెలుసు.

ఒక్కొక్కరం ఇలా కేసులు వేసుకుంటూ పోవాలా? అసలు మోసం ఆపేవాళ్లు లేరా?

ఉన్నారు, కాగితం మీద. 2020 జులైలో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ చాలామందికి నష్టం చేసే పద్ధతులను ఆపించగలదు, సరుకును వెనక్కి తీయించగలదు, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. దానికి ఢిల్లీకి రాయక్కర్లేదు. 17వ సెక్షన్ కింద ఫిర్యాదు మీ జిల్లా కలెక్టరుకే ఇవ్వొచ్చు, ఆయన విచారించి నివేదిక పంపొచ్చు. మీ సొంత నష్టపరిహారం మాత్రం అక్కడ రాదు, దానికి కమిషనే.

ఇంకొకటుంది, ఎవరికీ పట్టనిది. ప్రతి జిల్లాకూ కలెక్టరు అధ్యక్షతన వినియోగదారుల రక్షణ మండలి ఉండాలి, ఏడాదికి కనీసం రెండుసార్లు కూర్చోవాలి. 8వ సెక్షన్. సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు అడగండి: గత రెండేళ్లలో మీటింగు ఏయే తేదీల్లో జరిగింది, మినిట్స్ నకలు ఇవ్వండి, సంత రోజుల్లో తూకాల తనిఖీ ఎన్నిసార్లు చేశారు. నాకు కొత్త చట్టం అక్కర్లేదనిపిస్తుంది. ఆ మీటింగు నిజంగా జరిగి, అందులో ఒక పక్క రైతు, ఒక పక్క తూనికల ఇన్‌స్పెక్టరు, బల్ల మీద ఈ ఏడు పాడైన విత్తనాల లాట్ నంబర్లు ఉంటే చాలు. అక్కడే శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం అధికారులకు ఒక ఫోన్ కొట్టి ఆ నంబర్లు చెబితే ఇంకా మంచిది. సరిహద్దుకు ఇటు పట్టుబడిన లాటు అటు అమ్ముడవకుండా ఉంటుంది.

అప్పీలు వస్తే మల్కనగిరి నుంచి కటక్ దాకా వెళ్లాలా?

రాష్ట్ర కమిషన్ కటక్‌లోనే. అయితే విచారణను వీడియోలో చేయమని దరఖాస్తు పెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. కేసు దాఖలు కూడా ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే చేయొచ్చు. స్కాన్ చేసేటప్పుడు బిల్లు వెనకవైపు కూడా చేయండి, సర్వీసు మెకానిక్ రాసిచ్చిన ముక్క చాలాసార్లు వెనకే ఉంటుంది. సిగ్నల్ సరిగా లేని ఊరైతే వాయిదా రోజు ఉదయమే బ్లాకు కేంద్రానికి వెళ్లి కూర్చోండి.